గాడిదకు శుక్రవారం సెలవు

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ నోట తరచు వినబడే మాట ఒకటుంది. "ఈ ఇంట్లో గాడిద చాకిరీ చేస్తున్నాను, ఎవరికైనా పట్టిందా?" అని. మా అమ్మ అనేది, మా అత్తగారు అనేవారు, నేనూ అంటూంటాను. గాడిద చాకిరీ అంటే మన ఉద్దేశం ఏమిటి? వేళాపాళా లేనిది, వద్దనడానికి వీల్లేనిది, చేసినందుకు ఓ మంచిమాటైనా దక్కనిది అనే కదా! అయితే ఇంగ్లండులో బ్లాక్‌పూల్ అని ఒక సముద్రతీర పట్నం ఉంది. ఆ ఊరి ఇసకలో పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరిగే గాడిదల కోసం అక్కడి మునిసిపాలిటీవారు 1942లో నిబంధనలు రాసిపెట్టారు. పొద్దున్న 10 కాకుండా వాటిని పనిలోకి దించకూడదు. సాయంత్రం 7 దాటాక పని చేయించకూడదు. మధ్యాహ్నం తిండికి ఓ గంట విడిచిపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, వారానికో రోజు, శుక్రవారం నాడు, పూర్తిగా సెలవు ఇవ్వాలి.

ఈ సంగతి చదివి మొదట నవ్వుకున్నాను. నవ్వు అయ్యాక ఒకటి తోచింది. శుక్రవారం సెలవున్న ఆ గాడిదతో మనల్ని మనం పోల్చుకోవడం, పాపం, ఆ గాడిదకి అన్యాయమేమో!

ఇంగ్లీషువాళ్ళు చాలా వాటిని కనిపెట్టామని చెప్పుకుంటారు గాని, సముద్రపు ఒడ్డున ఊరికే కూర్చోవడాన్ని కనిపెట్టిందీ వాళ్ళేనని చెప్పొచ్చు. సముద్రం ఎప్పుడూ ఉంది. దాని పక్కన చేపలు పట్టేవాళ్ళూ, ఓడలెక్కేవాళ్ళూ ఎప్పుడూ ఉన్నారు. ఏ పనీ లేకుండా, గది అద్దెకి తీసుకుని, వేళకి ఎవరో వండిపెడితే తిని, అలల్ని చూస్తూ సేద తీరడమన్నది మాత్రం ఈమధ్యది. దాని వయసు మహా అయితే మూడు వందల సంవత్సరాలు. అది మొదలైన ఊళ్ళల్లో ముందు చెప్పుకోవలసింది స్కార్‌బరో.

ఇంగ్లండు ఈశాన్య తీరాన, యార్క్‌షైర్‌లో ఉందా ఊరు. సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండకొమ్ము, దాని మీద పాడుపడిన పాతకోట, కొండకి ఇటొకటీ అటొకటీ రెండు ఇసకతీరాలు. ఆమధ్య లీడ్స్‌లో ఉన్న మా అక్క కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడు, "పిన్నీ, మూడ్రోజులపాటు నీకు వంటిల్లు కనబడకుండా చేస్తాను" అని అక్కడ ఓ హోటల్లో గది తీసుకుంది. రచయిత్రినీ, కుదురుగా కూర్చోవడం చేతకానిదాన్నీ కాబట్టి ఆ మూడ్రోజులూ ఊరి చరిత్ర తవ్వుకుంటూ కూర్చున్నాను. తవ్వినకొద్దీ బయటపడ్డది రాజులూ యుద్ధాలూ కాదు, ఆడవాళ్ళు!

ఆ ఊరికి పేరు తెచ్చిందే ఒక ఇల్లాలు. 1626 ప్రాంతంలో ఫేరర్ అనే ఆవిడ సముద్రపు ఒడ్డున నడుస్తూ, కొండ అడుగునించి ఊరే నీళ్ళు రాళ్ళమీద ఎర్రటి మరకలు వెయ్యడం గమనించింది. నోట్లో పోసుకుని చూస్తే చేదుగా ఉన్నాయట. తాగితే ఒంటికి మంచి చేస్తున్నాయని అనిపించి ఇరుగుపొరుగులకి చెప్పింది. ఇరుగుపొరుగులు ఊరంతా చెప్పారు. 1660లో విటీ అనే వైద్యుడు ఆ నీళ్ళ మహిమ మీద ఏకంగా ఓ పుస్తకమే రాశాడు. నీళ్ళని పసిగట్టింది ఇల్లాలు, పుస్తకం రాసింది వైద్యుడు! ఆ పుస్తకంతో దేశం నలుమూలల నించీ కీళ్ళనొప్పులవాళ్ళూ, అజీర్తివాళ్ళూ, డబ్బుండి ఏం చెయ్యాలో తోచనివాళ్ళూ రావడం మొదలెట్టారు.

ఊటనీళ్ళు తాగడానికి వచ్చినవాళ్ళు పక్కనే ఉన్న ఉప్పునీళ్ళలో మునగడం కూడా మందే అన్నారు వైద్యులు. 1750లో రస్సెల్ అనే డాక్టరు సముద్రపు నీటి వైద్యం మీద లాటిన్‌లో రాసిన పుస్తకం దీనికి బలం తెచ్చింది. ఆయన మునగమనడంతో ఆగలేదు, సముద్రపు నీళ్ళు తాగమన్నాడు కూడా. ఆయన మాట మీద దక్షిణ తీరాన బ్రైటన్ అనే చిన్న బెస్తపల్లె పెద్ద పట్నమైపోయింది. అంచేత ఆ రోజుల్లో సముద్రపు ఒడ్డుకి వెళ్ళడమంటే సుఖం కాదు, చికిత్స. ఉత్తర సముద్రం నీళ్ళు ఎలా ఉంటాయో నేను కాలి బొటనవేలుతో పరీక్షించి చూశాను. ఆ రోగుల ధైర్యానికి అక్కడికక్కడే నమస్కారం పెట్టాను.

మరి మర్యాదస్తులైన స్త్రీలు పదిమందిలో స్నానం చెయ్యడం ఎలా? దానికో ఉపాయం పన్నారు. చక్రాల మీద చెక్కగది కట్టి, గుర్రం చేత నీళ్ళలోకి లాగించేవారు. లోపల బట్టలు మార్చుకుని రెండోవైపు మెట్లు దిగితే నేరుగా సముద్రమే. ఇలాంటి స్నానపు బండి స్కార్‌బరో తీరాన ఉన్నట్టు 1730ల నాటి చిత్రంలోనే కనబడుతుంది. మెట్లు దిగిన అమ్మగారు చలికి జంకితే? అందుకే నడుంలోతు నీళ్ళలో ఓ మనిషి నిలబడి ఉండేది. గట్టి చేతులు, మోటు గుడ్డలు, పెద్ద గొంతు. దిగినావిడని ఒడిసిపట్టి ముంచి లేపేది. వీళ్ళని 'డిప్పర్లు' అనేవారు, అంటే ముంచేవాళ్ళు. బ్రైటన్‌లో మార్తా గన్ అనే ఆవిడ ఈ పనిలో దేశమంతటికీ పరిచయమైపోయింది. 1726లో పుట్టి 1815లో పోయింది. యువరాజుగారికి కూడా ఆవిడంటే మక్కువట, ఆవిడ బొమ్మలు గీసి అమ్మేవారు. కాని ఒక్కటి ఆలోచించండి. లోపలికి వచ్చినావిడ రెండు మూడు మునకలు వేసి, వణుకుతూ బండెక్కి, వేడివేడిగా ఏదో తాగి పడుకునేది. మార్తా మాత్రం ఆ నీళ్ళలోనే తరవాతి బండి కోసం నిలబడేది.

ఇప్పుడు నా మనసుకి దగ్గరైన మనిషి దగ్గరికి వస్తున్నాను. 'జేన్ ఐర్' రాసిన షార్లెట్ బ్రాంటీ పేరు నవలలు చదివేవాళ్ళల్లో తెలియనివారు అరుదు. 'ఉదరింగ్ హైట్స్' రాసిన ఎమిలీ పేరూ తెలుసు. మూడో చెల్లెలు ఆన్ ఉంది చూశారూ, ఆవిడని ఎవరూ అంతగా తలుచుకోరు. అక్కలిద్దరి వెలుగులో మరుగున పడిపోయిన పిల్ల. 1840 నించి 1845 దాకా ఆవిడ రాబిన్సన్ అనే కలవారి ఇంట్లో గవర్నెస్‌గా పనిచేసింది. గవర్నెస్ అంటే వాళ్ళ పిల్లలకి చదువు చెప్పాలి, వాళ్ళని కనిపెట్టుకుని ఉండాలి. పనివాళ్ళ పంక్తిలో కూర్చోలేదు, యజమానుల పంక్తికి పిలవరు. వేసవి వచ్చేసరికి రాబిన్సన్‌వారు స్కార్‌బరో వెళ్ళి కొన్ని వారాలు ఉండేవారు. సముద్రానికి ఎదురుగా కొండ అంచున 'వుడ్స్ లాడ్జింగ్స్' అనే ఖరీదైన బసలో దిగేవారు. వాళ్ళకి అది సెలవు. ఆన్‌కి మాత్రం అదే ఉద్యోగం, కిటికీలోంచి కనబడే దృశ్యం మారిందంతే.

పెళ్ళిళ్ళకీ యాత్రలకీ పిల్లల్ని చూసుకోవడానికని వెంట తీసుకెళ్ళే దూరపు చుట్టం అమ్మాయిలు మనకీ తెలుసు కదూ. అందరూ గుడి చూసి వస్తారు, ఆ పిల్ల చెప్పుల దగ్గర కూర్చుంటుంది. అయినా ఆన్ ఆ సముద్రాన్ని అమితంగా ప్రేమించింది. బహుశా పిల్లలు నిద్రలేవకముందు, అది ఎవరి ఉద్యోగమూ కాని వేళలో చూసి ఉంటుంది. 1847లో అచ్చయిన ఆవిడ నవల 'ఆగ్నెస్ గ్రే'లో కథానాయిక కూడా గవర్నెస్సే. కథ చివర ఆ అమ్మాయి ఓ సముద్రతీర పట్నంలో, ఊరు లేవకముందే, తడిసిన ఇసకలో ఒంటరిగా నడుస్తుంది. ఆ కాసేపూ ఆ పిల్ల ఎవరి పనిమనిషీ కాదు. ఆవిడ జీవితంలోకి సుఖం కూడా ఆ ఇసకలోనే నడిచివస్తుంది. ఆ పేజీలు స్కార్‌బరో తెలిసినవాళ్ళు మాత్రమే రాయగలరు.

1848 సెప్టెంబరులో వాళ్ళ అన్న బ్రాన్‌వెల్ పోయాడు. డిసెంబరులో ఎమిలీ పోయింది. ఆ శీతాకాలంలోనే ఆన్‌కి కూడా క్షయ అని తేలింది. సముద్రపు గాలికి కోలుకుంటానేమోనని ఆవిడ ఆశ. కాని డబ్బు కావాలి కదా. ఆన్‌కి జ్ఞానస్నానంనాటి దత్తమాత ఒకావిడ 1849 ఆరంభంలో చనిపోతూ 200 పౌన్లు రాసిపెట్టింది. ఆ డబ్బుతో, అక్క షార్లెట్‌నీ, స్నేహితురాలు ఎలెన్ నస్సీనీ వెంటపెట్టుకుని మే నెలలో బయల్దేరింది. యార్క్ నించి స్కార్‌బరోకి రైలు అప్పటికి నాలుగేళ్ళ కిందట, 1845లో పడింది. దిగింది ఎక్కడనుకున్నారు? రాబిన్సన్‌వారితో దిగిన ఆ 'వుడ్స్ లాడ్జింగ్స్'లోనే. ఈసారి యజమానురాలు తనే.

ఒకనాటి మధ్యాహ్నం ఇసకలో తిరగడానికి గాడిద బండి మాట్లాడుకుంది. తోలే కుర్రాడు గాడిదని అదిలిస్తున్నాడు. అది అలిసిపోతుందేమోనని పగ్గాలు తనే తీసుకుని మెల్లిగా తోలుకుంది. కాసేపటికి ఎలెన్ అక్కడికి వెళ్ళేసరికి, గాడిదని బాగా చూసుకోమని ఆన్ ఆ కుర్రాడికి నచ్చచెబుతోందట. ఈ సంగతి ఎలెన్ చెప్పగా షార్లెట్ జీవిత చరిత్రలో చేరింది. తరవాత రెండోరోజు, 1849 మే 28న, ఆ బసలోనే ఆన్ ప్రాణం పోయింది. వయసు 29. అది తనకోసమని తాను వెళ్ళిన సెలవు. అందులోనూ, ఊపిరి ఆడని స్థితిలోనూ, తన సుఖం ఎవరి వీపు మీద నడుస్తోందో ఆవిడ మరిచిపోలేదు. అక్కలంత గొప్ప రచయిత్రి కాదని విమర్శకులు తూకాలు వేస్తారు. వేసుకోనివ్వండి. పగ్గాలు అందుకున్న ఆ చెయ్యి నాకు చాలు.

తండ్రి కొద్ది నెలల్లో మూడో బిడ్డని తన చేతులమీదుగా సాగనంపలేడని తలచి షార్లెట్ చెల్లెల్ని అక్కడే, కొండమీది చర్చి పక్కన పూడ్పించింది. మూడేళ్ళ తరవాత వచ్చి చూసుకుంటే సమాధి రాతిలో అయిదు తప్పులు కనబడ్డాయి. దిద్దించింది, అయినా వయసు 28 అన్న తప్పు మిగిలిపోయింది. సరైన వయసుతో కొత్త ఫలకాన్ని 2013లో ఆవిష్కరించారు.

ఆవిడ కన్నుమూసిన ఇల్లు ఇప్పుడు లేదు. దాన్ని పడగొట్టి ఆ చోటనే 1867లో గ్రాండ్ హోటల్ తెరిచారు. ఆన్ అక్కడ మరణించిందని చెప్పే ఫలకం దాని గోడమీద ఉంది. ఆ హోటల్ కట్టిన వాస్తుశిల్పి కత్‌బర్ట్ బ్రాడ్రిక్ ఓ చమత్కారం చేశాడు. నాలుగు ఋతువులకి నాలుగు బురుజులు, పన్నెండు నెలలకి పన్నెండు అంతస్తులు, 52 వారాలకి 52 పొగగొట్టాలు, 365 రోజులకి 365 పడకగదులు! కొండని ఆనుకుని ఉండటంతో ఒకవైపునించి చూస్తే ఎత్తు తక్కువ, సముద్రం వైపు నించి చూస్తే కళ్ళు తిరుగుతాయి. స్నానాల గదుల్లో మంచినీటి కొళాయిలతోపాటు సముద్రపు నీళ్ళ కొళాయిలు కూడా పెట్టారు. ఇక వణుకుతూ మార్తా చేతుల్లోకి దిగనక్కర్లేదు, సముద్రమే గదిలోకి వస్తుంది. కిందనించి చూస్తూ నేను ఇంకో లెక్క వేసుకున్నాను. ప్రతి పొగగొట్టం కిందా పొయ్యిలున్నాయి. ఆ పొయ్యిలకి బొగ్గు మోసి, బూడిద ఎత్తి, గదికో వేడినీళ్ళ కూజా అందించిన అమ్మాయిలు ఎన్ని మెట్లు ఎక్కి దిగి ఉంటారు? ఏడాది మొత్తాన్ని హోటల్‌గా కట్టిన ఆ శిల్పి వాళ్ళ సెలవు రోజు ఎక్కడ పెట్టాడో నాకు కనబడలేదు.

రైలు వచ్చాక సముద్రం కలవారి సొత్తు కాకుండా పోయింది. 1871లో బ్యాంకు సెలవుల చట్టం వచ్చి ఏడాదిలో కొన్ని రోజులు అందరికీ ఆటవిడుపయ్యాయి. లాంకషైర్ బట్టలమిల్లుల ఊళ్ళు ఏడాదికో వారం మూతపడేవి. ఆ వారం ఊరు ఊరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ చేరేది. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చేదాకా చాలామందికి ఆ వారానికి జీతం లేదు. ఏడాది పొడుగునా పెన్నీ పెన్నీ కూడబెట్టి వెళ్ళేవారు. వెళ్ళి ఎక్కడ దిగేవారు? గ్రాండ్ హోటల్లో కాదు, బోర్డింగు హౌసుల్లో. వాటిని నడిపేది లాండ్‌లేడీలు.

ఈ లాండ్‌లేడీల కథ రాస్తే ఓ నవలవుతుంది. వితంతువులూ, మిల్లులో పనిచేసి నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్ళూ, మొగుడి జీతం చాలని ఇల్లాళ్ళూ. పెళ్ళయిన స్త్రీ సంపాదన, ఆస్తి ఆవిడవే అని ఇంగ్లండులో పూర్తిగా ఒప్పుకున్న చట్టం 1882లో వచ్చింది. అలాంటి కాలంలో ఆడది తన పేరుమీద నడుపుకోగల వ్యాపారాలు ఎన్ని ఉంటాయి? వంటా, వడ్డనా, పక్కలు వెయ్యడం ఎలాగూ వచ్చు. దానికే ధర కట్టారు. మొదట్లో పద్ధతి చూడండి. అద్దె గదికి మాత్రమే. సరుకులు దిగినవాళ్ళే కొని తెచ్చుకోవాలి, లాండ్‌లేడీ వండిపెడుతుంది. అంటే సెలవుకి వచ్చిన ఇల్లాలు అక్కడ కూడా సంచి పట్టుకుని బజారుకి పోవలసిందే! ఒకింట్లో నాలుగు కుటుంబాలుంటే నాలుగు రకాల మాంసం, నాలుగు రకాల కూరలు, ఎవరివి వారికి విడివిడిగా వండాలి. బిల్లులో ఉప్పూ మిరియాల సీసాల వాడకానికి విడిగా పెన్నీలు వేసేవారట. జనం లాండ్‌లేడీని పిసినారి అన్నారు, గయ్యాళి అన్నారు. పొద్దున్న ఫలహారం కాగానే అందర్నీ వానలోకైనా సరే బయటికి తోలుతుందని పోస్టుకార్డుల మీద బొమ్మలు వేసి నవ్వుకున్నారు. తోలకపోతే ఆ గదులు ఊడ్చేదెప్పుడు, మధ్యాహ్నానికి వండేదెప్పుడు? వేసవి నెలల్లో తన పడకగది కూడా అద్దెకిచ్చి వంటింట్లో పడుకున్న ఇల్లాలి మీద జోకు వెయ్యడం సులువే.

క్రమంగా తిండి కూడా అద్దెలో కలిసింది. ఆరోజునించీ సెలవుకి వచ్చిన ఇల్లాలికి నిజంగా సెలవు దొరికింది. ఇది చిన్న సంగతని అనకండి. 'ఈ పూట ఏం వండాలి' అన్న ప్రశ్న బుర్రలో లేకుండా వారం గడపడమంటే ఏమిటో మొగవాళ్ళకి చెప్పి లాభం లేదు.

నా మూడ్రోజుల సంగతీ అంతే. హోటల్లో పొద్దున్న బల్ల ముందు కూర్చోగానే ఓ అమ్మాయి వచ్చి "టీ కావాలా, కాఫీయా?" అని అడిగింది. నన్ను! ఎవరో నన్ను! శాకాహారినని చెబితే పుట్టగొడుగులూ, వేయించిన టొమాటో, తీపి చిక్కుళ్ళూ, రొట్టె తెచ్చిపెట్టింది. ఆవకాయ ఉంటే బాగుండేదనిపించినా, నేను చెయ్యని తిండికి ఉన్న రుచి వేరు. గదికి తిరిగొచ్చి అలవాటుకొద్దీ దుప్పట్లు మడత పెడుతూంటే, పక్కలు సర్దే అమ్మాయి తలుపు దగ్గర నిలబడి నవ్వింది. "వదిలెయ్యండి, అది నా పని" అంది. "ఇవాళ ఎన్ని గదులు?" అన్నాను. పద్నాలుగు అంది. "మరి నీకు సెలవెప్పుడు?" అంటే, "రేపు" అని మొహం విప్పార్చుకుంది. తల్లిని చూడడానికి వెడుతుందట, వెళ్ళాక వంట మాత్రం తనే చేస్తుందట! ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుకి భాష అక్కర్లేకపోయింది.

1960, 70లలో స్పెయిన్‌కి చవక విమానాలు వచ్చాక ఇంగ్లీషు సముద్రతీరాల వైభవం తగ్గింది. బోర్డింగు హౌసులు చాలా మూతపడ్డాయి. అయినా వేసవిలో స్కార్‌బరో ఇసకలో పిల్లలింకా గాడిదలెక్కుతూనే ఉన్నారు. వాటి మెడల్లో గంటలు, కళ్ళల్లో మునీశ్వరుల ప్రశాంతత. కాసేపు పక్కన నిలబడి చూశాను.

మూడు వందల సంవత్సరాల ఈ సేద తీరే చరిత్రలో నాకు బోధపడింది ఒకటే. సెలవు అన్నది ఎవరికీ దానంతటది రాలేదు. మిల్లు కార్మికుడికి చట్టం చేస్తే వచ్చింది. గాడిదకి నిబంధన రాస్తే వచ్చింది. ఇంటి ఇల్లాలికి ఎవరూ ఏదీ రాయలేదు, అందరూ ప్రేమగా చూసుకుంటున్నామనే అనుకున్నారు. బ్లాక్‌పూల్ గాడిదని కూడా పిల్లలు ప్రేమగానే చూసుకుని ఉంటారు. అయినా ప్రేమని నమ్ముకోకుండా మునిసిపాలిటీవారు కాగితం మీద పెట్టారు.

మనందరం స్కార్‌బరో వెళ్ళలేం, వెళ్ళనక్కర్లేదు కూడా. వారానికో పూట చాలు. శుక్రవారం మనకి పూజలూ తలంట్లూ ఉంటాయి కాబట్టి ఆదివారం రాత్రి పూట అనుకుందాం. మీ ఇంటి క్యాలెండరులో పెన్సిల్‌తో కాదు, పెన్నుతో రాసి పెట్టండి. ఆ పూట వంట ఎవరు చేస్తారు అంటారా? దాన్ని పనిమనిషి మీదకో, కోడలి మీదకో, పెద్ద కూతురి మీదకో తోసేస్తే అది సెలవు కాదు, బరువు మార్చడం. ఇంట్లో మగవాళ్ళున్నారు కదా, పగ్గాలు ఒక పూట వాళ్ళని పట్టుకోనివ్వండి. ఉప్పు ఎక్కువైనా ఫరవాలేదు. ఉప్పు సీసాకి మనం విడిగా బిల్లు వెయ్యం లెండి!